ఆరుగురే ఆడే ఆట

ఆరుగురే ఉంటారట, రాష్ట్రం మొత్తంలో ఆ ఆట ఆడే ఆ వయసు ఆడపిల్లలు ఆరుగురే, సోనీ చేరితే ఏడుగురు, ఏడుగురిలో ముగ్గురికి పతకాలు, అంత సులువైనదానికి ఇంత భయమెందుకు వేస్తోంది, అనుకుంటూ పుష్పమ్మ తలమీది బోనాన్ని ఒక్క వేలితో తడిమి చూసుకుంది, కుదురుగానే ఉంది, పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టిన కొత్త కుండ, మెడకు వేపరెమ్మలు, పైన మూకుడులో దీపం, లోపల పాలూ బెల్లం వేసి పొద్దున్నే వండిన బువ్వ, జహనుమాలో ఇల్లు దాటి ఎంతసేపయిందో తెలియదు, ఒక్కపొద్దు కదా, కడుపు తేలికై ఒళ్ళంతా తేలుతున్నట్టుంది, ముందెక్కడో డప్పులు, ఆషాఢపు తుంపర పడుతూ ఆగుతూ, ఊదుపొగలో లాల్‌దర్వాజ దారి ఎప్పుడో కలలో చూసిన దారిలా మెత్తగా సాగుతోంది, పక్కనే సోనీ, పదహారేళ్ళ బిడ్డ, ఒక చేత్తో అమ్మవారికి పోసే సాక నీళ్ళ చెంబు, రెండో చెయ్యి దీపం తడవకుండా పైన గొడుగులా పట్టి, రెండు రోజులుగా ఉన్నట్టే ఇప్పుడూ ఒక్క మాట లేకుండా నడుస్తోంది.

ఎల్లుండి సాయంత్రంలోపట పేరియ్యాలె అక్కా, గడువు దాటితె ఈ ఏడు లేనట్టె, అన్నాడు మొన్న జగదీశ్వర్ సారు, సోనీకి పరుగు నేర్పే మాస్టరు, బర్రెల కొట్టం ముందు స్టూలు మీద కూర్చుని, చాయ్ తాగుతూ, సూడు, క్రికెట్ అంటే గల్లీకి ఇరవై మంది, బ్యాడ్మింటన్‌కు పిల్లలు ఐదేండ్లప్పటి సందే కోచింగుల వడ్తుండ్రు, ఉరుకుడు పందెంల మస్తు పోటీ, మన సోనీ మూడేండ్ల సంది నాలుగో నంబరే ఆయె, నడక పందెంల గట్ల గాదు, ఐదు కిలోమీటర్లు జోరుగ నడువాలె, ఒక్క కాలన్న ఎప్పటికి భూమ్మీదనే ఉండాలె, ముందటి కాలు ఆనంగనే మోకాలు వంగొద్దు, నడుము ఊపుకుంట నడిచేసరికి చూసెటోళ్ళు నవ్వుతరని పిల్లలెవ్వరు రారు, అందుకె తొవ్వ ఖాళీగుంది, నేషనల్స్‌కు సీదా పోతది, ఆడికెళ్ళి స్పోర్ట్స్ హాస్టల్ల సీటు, అన్నాడు, అప్పుడు బర్రెను కడుగుతున్న మొగుడు బాలరాజ్ తల ఎత్తకుండానే, ఉరికి గెల్వనోళ్ళు నడిచి గెలుస్తరా సారూ, గట్లయితే మా బర్రెను గూడ తోల్కపో, దానంత సల్లగ నడిచెటోళ్ళు పట్నంల లేరు, అన్నాడు, సారు నవ్వాడు, తనూ నవ్వింది, ఎందుకు నవ్వింది తను, లోపల తలుపు చాటున సోనీ గాజులు ఒక్కసారి గలగలమని ఆగిపోయాయి, ఈ ఏడు సీటొస్తె సరి, లేకుంటె ఆటలు బంద్, వచ్చి పాల కౌంటర్ల కూసోవాలె, అని మొగుడు తేల్చేశాడు, అతని మాట అంటే అంతే, చెడ్డవాడు కాదు, కానీ ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడం తెలియనివాడు, నువ్వే జెప్పు పుష్పా, అంపుదమా వద్దా, నీ ఇష్టం, అని బరువంతా తీసుకొచ్చి తన నెత్తిమీద పెట్టాడు.

ఇంజన్‌బౌలి దాటారు కాబోలు, ఎవరో ముసలమ్మ వంగి పాదాలమీద బిందెడు నీళ్ళు కుమ్మరించింది, బోనమెత్తిన ఆడది అమ్మవారితో సమానం, ఆ చల్లదనం మోకాళ్ళదాకా పాకింది, అమ్మవారికి ఇలాంటి సందేహాలు ఉంటాయా, పైవాటాలో అద్దెకుండే సుందరిగారికైతే ఏ సందేహమూ లేదు, గుడివాడవైపు మనిషి, ట్రెజరీలో ఉద్యోగం, మా నీహారికకు ముందే అన్నీ వాకబు చేశామండీ, కత్తి ఆటలో ఇంకా తక్కువమంది ఉన్నారు గానీ పిల్ల భయపడింది, అందుకని తుపాకీ షూటింగ్‌లో వేశాం, ఎక్కడ జనం తక్కువో అక్కడ దూరిపోవడమేనండీ, పిల్లలకేం తెలుస్తుంది, అంటుంది మెట్లమీద నిలబడి, తప్పేముంది, పెద్ద గుడి ముందు పొద్దంతా నిలబడే ఓపిక లేనప్పుడు గల్లీలోని మైసమ్మకు దండం పెట్టుకుని పోతాం, ఆ తల్లి తక్కువదనా, కాదు కదా, అయినా మనసుకు పట్టదు, కిందటి బోనాలకు ఇదే దారిలో అమ్మా, నా బిడ్డను ఒక్కసారన్నా గెలిపించు తల్లీ అని మొక్కింది, ఆ మొక్కుకు జవాబు ఇదేనా, ఎవరికీ అక్కర్లేని ఆట, అందరూ తినగా అడుగున మిగిలినట్టు, దాన్ని తెచ్చి నా బిడ్డ పళ్ళెంలో పెడితే దాన్ని గెలుపనుకోవాలా, కానీ మిగిలిందని ఎందుకనుకుంటోంది, ఎవరూ ముట్టలేదంటే ఎంగిలి కాలేదనే కదా, తలమీది బువ్వను మాత్రం ఎవరు ముట్టారు, ఉప్పూ తీపీ కూడా చూడకుండానే కదా వండింది, అమ్మా, ఇది నీ ఆలోచనేనా, ఖాళీ కడుపు ఆడిస్తున్న మాయా, దీపం వాసన, వేపాకు వాసన, ఆ మెత్తటి పొగలో సోనీ ఇంకా చిన్నదై, గౌను వేసుకుని, కొట్టంలో దూడ వెంట పడి ఉరుకుతోంది, కాదు, ఇక్కడే ఉంది, తనకంటే బెత్తెడు ఎత్తు పెరిగి.

అలియాబాద్ దగ్గర పోలీసులు అడ్డం కట్టిన తాడు వదిలేసరికి అంతసేపు ఆగి ఉన్న జనమంతా ఒక్కసారి కదిలింది, నడువుండ్రి నడువుండ్రి అని వెనకనుంచి కేకలు, డప్పు వేగం పెరిగింది, మగవాళ్ళు ఉరికారు, పిల్లల్ని చంకన వేసుకుని ఆడవాళ్ళూ ఉరికారు, ఎవరిదో మోచెయ్యి వీపున తగిలింది, కుండ ఒక పక్కకు ఒరిగింది, ఆగితే తొక్కేస్తారు, ఉరికితే బోనం కింద పడుతుంది, అమ్మా తల్లీ అని ఒళ్ళంతా ఉరకడానికే ఎగబడుతోంది, కాళ్ళను నేలమీద పట్టి ఉంచడం ఇంత కష్టమా, అంతలో చెవి పక్కనే సోనీ గొంతు, రెండు రోజుల తర్వాత, అమ్మా ఉరక్కు, ఎగిరితే పడ్తది, మడిమె ముంగట వెట్టు, మోకాలు గట్టిగ, ఆఁ గట్లనే, నడుమును ఊగనియ్యి, మెడను ఊపకు, ఏందే సిగ్గెందుకు, ఊపు, జల్ది జల్ది, మడిమె, బొటనవేలు, మడిమె, బొటనవేలు, అంటూ పక్కన తనూ అలాగే నడుస్తోంది, పుష్పమ్మ నడుము ఊపింది, నలభై ఏళ్ళకు బజార్లో, ఊపిన క్షణం కుండ మళ్ళీ నెత్తిమీద నిటారుగా కూర్చుంది, పిక్కలు మండుతున్నాయి, తొడలు రాళ్ళవుతున్నాయి, ఉరికే వాళ్ళ మధ్య నుంచి ఇద్దరూ నీళ్ళలో పడవల్లా జారిపోతున్నారు, అరుగుమీద కుర్రాళ్ళెవరో, అరే సూడురా, తల్లి బిడ్డ బాతుల్లెక్క పోతుండ్రు, అని అరిచారు, పకపకా నవ్వారు, పుష్పమ్మకు చెవులు కాలాయి, బిడ్డ తల దించుకుంటుందేమోనని కళ్ళు మాత్రం తిప్పి చూసింది, సోనీ నవ్వుతోంది, వాళ్ళకంటే గట్టిగా నవ్వుతోంది, మీరు రాండ్రిరా బాతులతోని, సూస్తం, అని వెనక్కి అరిచి, కాళ్ళ తాళం తప్పకుండా, చెంబులో సాక నీళ్ళు అంచుదాకా వచ్చి కూడా ఒలకకుండా.

గుడి కమాను దగ్గర జనం పలచబడ్డాక ఊపిరి తీసుకుంటూ, గిదంత ఎన్నడు నేర్సినవే, సారు మొన్ననే గదా జెప్పిండు, అని అడిగింది పుష్పమ్మ, సోనీ దీపంవైపు చూస్తూ మెల్లగా, సారు నాకు జెప్పలేదమ్మా, సారుకు నేనే జెప్పిన, ఏడాది సంది పాలు పోసొచ్చినంక ఫలక్‌నుమా స్టేషన్ దంక గిట్లనే నడుస్తున్న, ఫోన్ల సూసుకుంట నేర్సిన, ఉరుకుడంటె నాకు పానం మీదికొస్తది, అటు ఇటు సూసుడే సరిపోతది, గిదైతె ఇంక జర దూరముంటె మంచిగుండు అనిపిస్తది, నవ్వుతరని మీకు జెప్పలేదు, సులువని జెప్తెనే మీ అమ్మనాయిన ఒప్పుకుంటరు బిడ్డా, ఇష్టమని జెప్తె ఒప్పుకోరు అని సారే అన్నడు, అంది, సారుకు ఫోన్ జెయ్యి, పేరు రాసుకోమను, మీ బాపుతోని నేను మాట్లాడ్త, అంది పుష్పమ్మ, గుడి ముందుకొచ్చేసరికి గంటలు మోగుతున్నాయి, పొగ వెనక అమ్మవారి వెండి కళ్ళు కనబడీ కనబడనట్టున్నాయి, దారంతా అడగాలని మోసుకొచ్చిన ప్రశ్న ఎక్కడ జారిపోయిందో వెతికితే దొరకలేదు, తుంపరలో తడిసిన బిడ్డ పాదాలు దొరికాయి, మడిమలు పగిలి, బొటనవేళ్ళు కాయలు కాసి, అవి రెండు రోజుల పగుళ్ళు కావు, ఈ పిల్ల ఓడిపోయి ఇటు మళ్ళలేదు, ఏడాదిగా రోజూ ఇటే వస్తోంది, ఒకే ఇంట్లో ఉండి కూడా తనే ఎటు పోతున్నవు బిడ్డా అని ఒక్కసారీ అడగలేదు.