గీత లేని రాయి

ఇంటి తాళంచెవి తీసి జీపు సీటు మీద పడేశాడు. చేతి గడియారం విప్పి దాని పక్కన పెట్టాడు. ప్యాంటును నడుముకు బిగించిన నూలుతాడు ముడిని ఇంకోసారి లాగి చూసుకున్నాడు బాణాలాయన. రాతి ముక్కల మీద బాణం గుర్తులు వేసే పని గనక ఆఫీసులో అందరికీ ఆయన పేరు అదే. ఒంటి మీద ఇనుము ఉంటే దిక్సూచి ముల్లు అటు వంగుతుంది. అందుకే ఈ పనిలో చేరిన నాటినుంచీ ఆయనకు బెల్టు లేదు.

"తాడు తెగితే పరువు కూడా కొండ దిగిపోతుంది బావా," అన్నాడు జీపు నడిపే బావమరిది, రోజూ అన్నట్టే.

"మీ అక్కని చేసుకున్న రోజే దిగిపోయిందిలే."

పొద్దున్నుంచీ ఎడమ భుజం పీకుతోంది. డాక్టరుకు చూపించుకోమని భార్య గుమ్మంలో అడ్డం నిలబడింది. "డ్రిల్లు పట్టే భుజం నొప్పెట్టక ఏం చేస్తుంది," అంటూ చెప్పులు సగం తొడుక్కునే వీధిలో పడ్డాడు. ఆయనకు ఇంట్లో కాలు నిలవదు. కుర్చీలో కూర్చుంటే కుర్చీకే విసుగు పుడుతుంది. అలాంటి మనిషితో, ఇంకొక్క పొరపాటు జరిగితే కొండలకు పంపడం మానేసి రాళ్లు కోసే గదిలో స్టూలు వేసి కూర్చోబెడతామని ఆఫీసులో చెప్పారు. చెప్పినవాడు కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు.

లోయ పొడవునా నేల చీలి ఉంది. చీలికకు అటూ ఇటూ ఉన్న భూమి ఒకదాన్నొకటి రాసుకుంటూ జరుగుతోందని, ఈ రాళ్ల మీద పరిశోధన చేసే మేడం అంటుంది. ఈ నల్లరాయి ఒకప్పుడు కరిగిన ముద్ద. చల్లారేటప్పుడు ఆనాటి ఉత్తరదిక్కును లోపల పట్టుకుని గట్టిపడిందట. ఇప్పుడా ఉత్తరం పక్కచూపులు చూస్తుంటే, కొండే తిరిగిపోయిందని లెక్క. అందుకని బొటనవేలంత లావు రాతికడ్డీని తొలవాలి. అది గుంటలో నిలబడి ఉండగానే డ్రిల్లును దూరంగా పెట్టి, ఇత్తడి గొట్టం తొడిగి, దిక్సూచి చూసి, ఇత్తడి తీగతో కడ్డీ మీద గీత గీకాలి. ఆ తర్వాతే విరవాలి. ముందే విరిగితే, అది ఎటు తిరిగి ఉండేదో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు.

మేడం చీలికకు అవతలి గట్టున ఉంది. ఇవతలి గట్టున మంచి రాయి ఈ ఒక్కచోటే మిగిలింది. బావమరిది పంపు కొట్టి నీళ్లు వదులుతుంటే డ్రిల్లు అరిచింది, బూడిదరంగు బురద మోచేతుల దాకా చిమ్మింది. డ్రిల్లు ఆగింది గానీ ఆయన ఆగలేదు. భుజంలో పోటు, నెత్తిన ఎండ, ధ్యాసంతా తరవాతి కొండ మీద. ఇత్తడి ఉలి దూర్చి ఒక్క దెబ్బ వేశాడు. టక్కుమంది. కడ్డీ చేతిలోకి వచ్చింది, నున్నగా, తడిగా, గీత లేకుండా.

గొట్టం ఇంకా సంచిలోనే ఉంది.

"గీసేయ్ బావా," అన్నాడు బావమరిది గొంతు తగ్గించి. "ఉజ్జాయింపుగా. రాయి వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

"దాని పనే అది రా."

అన్నాడే గానీ, గీకే తీగ చేతిలోకి తీసుకున్నాడు. కడ్డీని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఆ స్టూలు కళ్లముందు కదిలింది. ఆ గదికి ఒకటే కిటికీ, అది తెరిస్తే పక్క భవనం గోడ. తీగ రాతిని తాకింది. తీసేశాడు. మళ్లీ ఆనించాడు. తను ఎటు గీస్తే అటు, రేపు కాగితాల మీద కొండ తిరుగుతుంది. ఛీ అనుకుని కడ్డీని చొక్కా జేబులో కుక్కుకుని లేచాడు.

"ఇంకోటి తొలుద్దాం. డ్రిల్లులోకి పెట్రోలు పట్టుకురా."

"రాయేది?"

"కింద, ఆ పగుళ్ల మధ్య చారెడుంది."

"భుజం నొప్పన్నావుగా."

"నీకా నాకా?"

పక్కకు ఒరిగి, మోకాలు బండకు తన్నిపెట్టి తొలిచాడు. ఈసారి ముందే గొట్టం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గీత గీకాడు. విరిచాడు. గుడ్డతో తుడిచి బాణం వేశాడు. నీళ్లు తెమ్మని బావమరిదిని జీపు దగ్గరకు పంపాడు.

బావమరిది డబ్బా నింపుకుని వచ్చేసరికి ఆయన బండకు చేరగిలి కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గుడ్డ, గుడ్డ మీద కడ్డీ. బావమరిది డబ్బా కింద పెట్టి కాసేపు చూశాడు. ఆ మనిషి అంతసేపు కదలకుండా కూర్చోవడం అతను ఎన్నడూ చూడలేదు.

ఆస్పత్రి వరండాలో మేడం అడిగింది. "అక్కడ గుంటలు రెండున్నాయి. ముక్క ఒకటే ఉందేం?"

"ఒకటి లోపలే విరిగిపోయిందండి," అన్నాడు బావమరిది తలెత్తకుండా.

పెద్దకర్మ అయ్యాక ఎప్పుడో, ఆయన చొక్కా ఉతకబోతూ భార్య జేబు తడిమి, కడ్డీని తమ్ముడికి చూపించింది.

"ఇదేంట్రా?"

"గీత లేదక్కా. ఎందుకూ పనికిరాదు."

ఆమె దాన్ని పారేయలేదు. వంటగది కిటికీ గట్టు మీద పెట్టింది. వీధి తలుపు పడినప్పుడల్లా ఆ రాయి కాస్త దొర్లి, మరోవైపు తిరిగి ఆగుతుంది.