పేరు చెప్పని ఈల

గ్రీసు దేశంలో, మా ఎవియా దీవి కొండల్లో లోయకు ఇటువాళ్ళం, అటువాళ్ళం ఈలతోనే మాట్లాడుకుంటాం. కింది పళ్ళకు నాలుక ఆనించి మాటకు మాట పలికిస్తాం. ఈల వేసేవాడు పేరు మాత్రం చెప్పడు. ఈల వినగానే మనిషి తెలియాలి. పేరు చెప్పుకున్నవాణ్ణి చూసి, వీడికి ఈల కూడా సరిగా రాదని నవ్వుతారు.

మా పెదనాన్న కొడుకు పనాయిస్‌కు కింది దవడలో గడ్డ లేచింది. క్యాన్సర్ కాదు. ప్రాణం తీయదుగాని, ఎముకను లోపల్నుంచి డొల్ల చేస్తుంది. ఎముక కోసేస్తే పళ్ళు పోతాయి, పళ్ళు పోతే ఈల పోతుంది. అందుకని మొండికేసి, గడ్డను గీకించుకుని వచ్చాడు. అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ గీకించుకున్నాడు. ఊరంతా భేష్ అంది, నాతో సహా. గరిక వేళ్ళు వదిలేసి పైపైన కోసినవాణ్ణి మెచ్చుకున్నట్టుంది మా తెలివి.

లోయకు అవతల అతని చెల్లెలు గరుఫలియా ఉంటుంది. మోకాళ్ళు పట్టేసి గుమ్మం దాటదు. ఫోను మా లోయలో పలకదు. పెళ్ళాం పోయిన పనాయిస్‌ను రోజూ సాయంత్రం తిన్నావా అని అడిగేది ఆమె ఒక్కతే. ఆ ఒక్క మాట పోకూడదనే అతని మొండితనమంతా.

మూడోసారి ముఖం ఒక పక్కకు ఉబ్బింది. ఇక గీకుడు పనికిరాదని ఏథెన్స్ డాక్టరమ్మ తేల్చేసింది. గడ్డతోపాటు చుట్టూ కొంత మంచి ఎముక కూడా తీసేసి, పిక్క పక్కనుండే సన్నెముకను రక్తనాళంతో సహా తెచ్చి దవడగా అతుకుతారట. తర్వాత అందులోనే పళ్ళు బిగిస్తారట. కింది పెదవికి మాత్రం స్పర్శ ఉండదట.

"ఈల వస్తుందా, డాక్టరమ్మా?"

"తింటారు, మాట్లాడతారు. ఈల సంగతి నేను చదువుకోలేదండీ."

ఆ నిజాయితీకే ఒప్పుకున్నాడనుకుంటాను.

ఆపరేషన్ తర్వాత చాలాకాలం కుంటుతూ, జావ తాగుతూ గడిపాడు. సాయంత్రాలు గరుఫలియా అడిగేది, నేను బదులిచ్చేవాణ్ణి, అతను తల దించుకుని వినేవాడు. కొత్త పళ్ళు బిగించాక కొండ వెనక్కి వెళ్ళి, చేతి అద్దంలో పెదవిని చూసుకుంటూ ఈల నేర్చుకున్నాడు. మేకలు బెదిరి పారిపోయేవి. చెల్లెలికి చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

ఒక సాయంత్రం ఆమెకంటే ముందే లోయ అంచున నిలబడి, తిన్నావా అని ఈల వేశాడు. మాట స్పష్టంగానే ఉంది. ఈల మాత్రం అతనిది కాదు.

అవతల్నుంచి నెమ్మదిగా బదులొచ్చింది. "ఎవరండీ మీరు?"

అది మీ అన్నయ్యేనని నేను చెప్పబోతే, పనాయిస్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అవతల్నుంచి మళ్ళీ ఈల వినిపించింది.

"ఆ పక్కన మా అన్నయ్య ఉంటాడు. పాపం, ఈల వేయలేడు. తిన్నాడో లేదో కాస్త కనుక్కుంటారా?"

పనాయిస్ రాతిమీద కూలబడ్డాడు. కన్నీళ్ళు పెదవి మీదుగా కారుతున్నాయి, అతనికి తెలియడం లేదు. కాసేపటికి లేచి, మా ఊళ్ళో ఎవరూ వేయని ఈల వేశాడు.

"పనాయిస్‌ను. తిన్నాను."

అవతల్నుంచి గరుఫలియా బదులొచ్చింది.

"నాకు అలవాటయ్యేదాకా రోజూ పేరు చెప్పే పిలువన్నయ్యా. నవ్వేవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."