వలీ చూడని ఆట

నేను ఒక వెదురు కర్రను. చేతికర్ర అని మర్యాదగా పిలిచేవాళ్లూ ఉన్నారు. నన్ను చేసిన బాలమ్మ మాత్రం "ఇదొక మొండి బొంగు" అనేది. నల్లమల అంచున ఆత్మకూరులో బుట్టలల్లుకుని బతికే మనిషి ఆమె. నిప్పుసెగ మీద నా తల వంచి పిడి చేయడానికి పొద్దంతా అవస్థపడింది. వంగాక ఆముదం పట్టించి, నీడన ఆరబెట్టి, సంతలో అమ్మేసింది. మనుషులు దేన్నైనా ముందు వంచి, ఆ తర్వాత ముద్దుచేస్తారని ఆనాడే తెలిసింది.

చుట్టపుచూపుగా అటు వచ్చి నన్ను కొన్నది బాపట్లలో ఆటల మైదానానికి కావలి ఉండే బాజీ. వాలీబాల్ కోర్టులోకి వచ్చే గేదెల్ని అదిలించడమే అక్కడ నా ఉద్యోగం. పోటీల రోజుల్లో మాత్రం గేదెలు కూడా నిలబడి వింటున్నట్టే ఉండేది. మైకు ముందు ఇమ్మానుయేలు మాస్టారు, కోర్టులో మస్తాన్‌వలి. వలీ గాల్లోకి లేస్తే మాస్టారి గొంతు కూడా లేచేది. "లేచాడు మన వలీ... ఇంకా దిగలేదు... ఇంకా దిగలేదండీ..." అని ఆయన సాగదీస్తుంటే, బంతి చూడని వెనక వరసల వాళ్లు కూడా చప్పట్లు కొట్టేవారు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. ఒకడు ఆడేవాడు, ఒకడు చెప్పేవాడు.

తర్వాత వలీ ఓడలో వంటవాడిగా వెళ్లాడు. ఆ ఓడా ఈ ఓడా మారి, చివరికి నీళ్లే లేని ఎడారిలో, లాస్ వేగాస్‌లో టాక్సీ తోలుతూ స్థిరపడ్డాడు. మాస్టారికి కంటిలో నీరుకాసులు వచ్చి చూపు మెల్లగా సన్నబడి, ఒకనాటికి పూర్తిగా ఆరిపోయింది. మైదానం అంచున తాడు తట్టుకుని ఆయన పడినరోజు బాజీ నన్ను ఆయన చేతిలో పెట్టాడు. "గేదెలకెందుకులెండి మాస్టారూ, మీ దగ్గరుండనీండి" అన్నాడు. గేదెల నుంచి గురువుగారికి. నాకది పదోన్నతే.

పిడి పట్టుకున్న చేతిని బట్టి మనిషి తెలిసిపోతాడు. ఇమ్మానుయేలు మాస్టారు నన్ను ఎప్పుడూ గట్టిగా పట్టుకునేవాడు కాదు. కలం పట్టుకున్నట్టు పట్టుకుని, నేల ఏం చెబుతుందో నా చేత అడిగించేవాడు.

లాస్ ఏంజెలెస్‌లో తెలుగు క్రైస్తవుల సభ ఒకటి జరిగింది. పాటలు పాడటానికి మాస్టారిని పిలిపించారు. సభ అయ్యాక ఆయన నన్ను పట్టుకుని ఎడారి దాటి లాస్ వేగాస్ పోయే బస్సెక్కాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత స్నేహితుణ్ణి చూడటానికి. చూడటానికి అనే మాట ఆయనే వాడాడు.

బస్సు దిగగానే ఒక మనిషి వచ్చి వాటేసుకున్నాడు. ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయి నేను కిర్రుమన్నాను.

"ఒరే ఇమ్మానూ! ముసిలోడివైపోయావు గదరా!"

"నువ్వవలేదా? నాకు కనపడదు కాబట్టి నువ్వింకా పాతికేళ్లోడివేరా వలీ. హసీనా ఏది, పెళ్లాన్ని వెంటబెట్టుకు రాలేదా?"

"చికాగోలో తమ్ముడింటికెళ్లింది. పనుండి" అన్నాడు వలీ. అంటూ నన్ను తీసుకుని టాక్సీలో పెట్టాడు. ఆ చేయి చెమటగా ఉంది.

వలీకి ఊరు చూపించాలని ఆరాటం. చూపులేని మనిషికి దీపాలు చూపించి ఏం లాభం? అందుకని ఆటలు పెట్టే హాళ్లకు తీసుకెళ్తానన్నాడు. ఆ ఊళ్లో జూదశాలల్లో ఒక భాగం ఆటల మీద పందేలకే కేటాయించి ఉంటుంది. స్పోర్ట్స్‌బుక్ అంటారు దాన్ని. పేరులో పుస్తకం ఉందని మాస్టారు సంబరపడ్డాడు గానీ, అక్కడ చదవటానికి ఒక్క పుస్తకమూ లేదు. గోడల నిండా టీవీలు, కింద అంకెలు, కౌంటరు దగ్గర వరస.

"రేపు సాయంత్రం బాస్కెట్‌బాల్ ఫైనల్ ఉందిరా. నాలుగు హాళ్లు తిరుగుదాం. నీకేది నచ్చితే అందులో కూర్చుందాం" అన్నాడు వలీ.

మొదటిది ఊళ్లోకెల్లా ఖరీదైన వీధిలో ఉంది. అడుగుపెట్టగానే నా కొస తివాచీలో దిగబడింది. అంత మెత్తటి నేల మీద నాకు మాట పెగల్లేదు. సినిమా తెర కన్నా పెద్ద తెర ఉందని, కూర్చుంటే మనిషి మునిగిపోయే తోలు కుర్చీలున్నాయని వలీ చెప్పాడు. ఆ కుర్చీలు ముందుగా చెప్పి ఉంచుకున్నవాళ్లకేనని ఒక కుర్రది వచ్చి నవ్వుతూ లేపేసింది.

"చల్లగా బానే ఉంది గానీ, పక్కనున్నోడి ఊపిరి వినపట్టంలేదురా. పద" అన్నాడు మాస్టారు.

రెండోదానిలో గోల. పక్కనే నాణేల యంత్రాలు ఐసుక్రీం బండ్ల గంటల్లా మోగుతున్నాయి. ఒక మూల గుర్రప్పందేల వాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కొక్క బల్ల, బల్ల మీద చిన్న టీవీ. బడిలో పరీక్ష రాస్తున్నట్టు కూర్చున్నారట. ఇద్దరూ చెక్క కుర్చీల్లో కూర్చున్నారు. ఏదో మ్యాచి నడుస్తోంది.

"చెప్పరా" అన్నాడు మాస్టారు.

"తొంభై ఎనిమిది, ఎనభై ఏడు."

"అది లెక్క. ఆట చెప్పు."

"ఆట అయిపోయినట్టే. పదకొండు తేడా. ఇంకేం లేదు."

ఆ మాట నోట్లో ఉండగానే హాలంతా లేచి అరిచింది. సగం మంది కేకలు, సగం మంది తిట్లు. ఎవడో బల్ల గుద్దాడు. మాస్టారు ఉలిక్కిపడి నన్ను పట్టుకున్నాడు.

"అయిపోయిందన్నావు గదరా! ఎందుకు ఏడుస్తున్నారు?"

"చివర్లో ఓడేవోడు ఒక బుట్ట వేశాడు. తేడా తొమ్మిదైంది. ఇక్కడ గెలిస్తే చాలదురా. గెలిచేవోళ్లు పదికి పైన గెలుస్తారని పందెం కట్టినోళ్లంతా పోయారు."

మాస్టారు చుట్టూ ఉన్న గోలకు చెవి ఒగ్గాడు. తర్వాత, "ఇంతమందిలో ఆట చూసేవోడు ఒక్కడూ లేడన్నమాట" అన్నాడు.  అరుపులు వినపడగానే వలీ సగం లేచి, మోకాలు నాకు తగిలి మళ్లీ కూర్చోవడం నేనెరుగుదును.

మూడోది కూడా నచ్చక వలీ ఇంటికి దగ్గర్లో ఉన్న నాలుగోదానికి వెళ్లారు. యాత్రికులెవరూ రాని చోటు. తివాచీ అరిగిపోయి కింద సిమెంటు నాకు స్పష్టంగా తగిలింది. పాత సిగరెట్ల వాసన, ఉచితంగా కాఫీ. "ఇది మనూరి రైల్వేస్టేషన్లా ఉందిరా, మనుషులున్నారు" అని మాస్టారు సంతోషపడ్డాడు.

కౌంటరులోంచి ఒక పెద్దావిడ గొంతు ఇంగ్లీషులో పలకరించింది. ఆమె పేరు డొలోరెస్.

"మిస్టర్ వలీ, ఇవాళ ఆలస్యమైందే! రోజూ ఇచ్చేదేనా?"

వలీ తొందరగా ఏదో గొణిగాడు. ఆమెకు అర్థం కాలేదు. మంచి మనిషి, మంచి మనుషులకే ఇలాంటి పొరపాట్లు జరుగుతాయి. మాస్టారి వైపు తిరిగి, "మీరు వాళ్ల ఊరివాళ్లా? అయితే మీరైనా చెప్పండి. హసీనా తిరిగొచ్చిందా? ఇల్లు పోయాక ఆమె ఇక్కడికొచ్చి ఏడ్చిన రోజు నేను మర్చిపోలేదు" అంది.

మాస్టారు ముప్ఫై ఏళ్లు బళ్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి. ప్రతి మాటా అర్థమైంది. నా పిడి మీద వేళ్లు ఒక్కటొక్కటిగా బిగిశాయి.

టాక్సీలోకి వచ్చాక వలీ ఏడవలేదు, దాచలేదు కూడా. "పందెం లేకపోతే ఆట కంటికి ఆనదురా ఇమ్మానూ. తెర మీద మనుషులు ఊరికే పరిగెత్తుతున్నట్టుంటారు. పందెం కడితేనే వాళ్లకి రంగొస్తుంది. మొదట్లో సరదాకే. హసీనా చెప్పీ చెప్పీ యిసిగిపోయి, రెండేళ్ల కిందట బట్టలు సర్దుకుని పోయింది."

మాస్టారు నీతులు చెప్పలేదు. సుదీర్ఘంగా ప్రార్థన చేస్తాడేమోనని నేను భయపడ్డాను, అదీ చేయలేదు.

"ఒట్టెయ్యమని అడగన్రా. అన్నేళ్లు నీ ఆట ఊరికి నేను చెప్పాను. రేపొక్క ఆట నువ్వు నాకు చెప్పు. ఇక్కడే, ఈ రైల్వేస్టేషన్లోనే."

మర్నాడు సాయంత్రం అక్కడే కూర్చున్నారు. నన్ను ఇద్దరి ఒళ్లోనూ అడ్డంగా పెట్టుకున్నారు. మొదట్లో వలీ అంకెలే చెప్పాడు. "ఎవడేశాడు? ఎట్టా వేశాడు?" అని మాస్టారు గుచ్చి గుచ్చి అడిగాడు. మెల్లగా తుప్పు రాలినట్టు మాటలు రాలాయి. "తెల్ల జెర్సీలో ఒక పొట్టోడున్నాడురా... పొడుగోళ్ల చంకల కింద నుంచి దూరిపోతన్నాడు... ఇటు చూస్తా అటు ఇచ్చాడు బంతి! అబ్బా, మోసం చేశాడ్రా!" వలీ నవ్వాడు. మాస్టారు కూడా నవ్వాడు. పక్క కుర్చీలో తెల్లాయన, భాష తెలియకపోయినా, తెర మానేసి వీళ్ల వైపే చూశాడట. నా మీద ఉన్న వలీ చేయి ఆరిపోయి, వెచ్చగా ఉంది.

సగం ఆట అయ్యాక విరామం ఇచ్చారు. "కాఫీ తెస్తా" అని వలీ లేచాడు. వచ్చేటప్పటికి ఆలస్యమైంది. కాఫీ చల్లగా ఉంది.

ఆట మళ్లీ మొదలైంది. "అరవై రెండు, యాభై తొమ్మిది" అన్నాడు వలీ.

"పొట్టోడేం చేస్తన్నాడు?"

"ఉన్నాడు... అరవై నాలుగు."

 నా మీద వలీ చేయి మళ్లీ తడిసింది. అటువైపు మాస్టారి చేయి చల్లబడింది. రెండు చేతుల మధ్య ఒక బొంగుకు అంతకన్నా ఏం తెలియాలి?

చివర్లో హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. వలీ గాల్లోకి ఎగిరాడు. "గెలిచాను! గెలిచాన్రా ఇమ్మానూ!" అంటూ కౌంటరు వైపు పరిగెత్తాడు.

మాస్టారు నన్ను తీసుకుని లేచాడు. ఎవరినీ దారి అడగలేదు. అరిగిన తివాచీ, సిమెంటు, రాతి గడప, తర్వాత వేడి కాలిబాట. బయట ఎడారి గాలి కొడుతోంది. రోడ్డు ఎటుందో తెలియక ఒక అడుగు ముందుకు వేయబోతే, నా కొసకు ఆనడానికి నేల దొరకలేదు. అక్కడే ఆగి, ఆ అంచు మీదే కూర్చుండిపోయాడు. కార్లు ఆయన కాళ్ల ముందు నుంచి పోతున్నాయి.

వలీ వగరుస్తూ వచ్చాడు. చేతిలో పందెం చీటీ అలాగే ఉంది. "ఎక్కడికొచ్చావురా! కారు కింద పడితే?"

"నువ్వు చెప్పడం ఆపేశావు. నాకు చీకటైపోయింది. లోపల కూర్చుని ఏం చెయ్యను?"

"గెలిచాన్రా..."

"సరే. చివరి బంతి ఎవడేశాడు?"

వలీ చేతిలోని చీటీ వంక చూశాడు.  మాస్టారు ఆగాడు. ఒక బస్సు వెళ్లిపోయింది.

"పొట్టోడేనా?"

"తెలవదురా" అన్నాడు వలీ. అని, పక్కనే కూలబడి, మొహం మోకాళ్లలో పెట్టుకుని ఏడ్చాడు. కోర్టులో మోకాలు చిట్లినా ఏడవని మనిషి. "చూశానురా. చూస్తానే ఉన్నాను. ఏం చూశానో తెలవదు."

ఆ చీటీ చింపి గాలికి వదిలేశాడని చెబితే మీరు ముచ్చటపడతారు. అలా ఏమీ జరగలేదు. మర్నాడు వెళ్లి డబ్బు తెచ్చుకున్నాడు. వారం తిరక్కుండా అదే కౌంటరులో తిరిగి ఇచ్చేశాడు. మనుషులు ఒక్క ఏడుపుతో మారిపోయేటట్టయితే భూమ్మీద ఇన్ని ఏడుపులు అవసరం ఉండేవి కావు.

బస్సెక్కేముందు మాస్టారు నన్ను వలీ చేతిలో పెట్టాడు. సభ వాళ్లు ఆయనకు మడతపెట్టే తెల్లకర్ర ఒకటి ఇచ్చారు. "ఇది నీ దగ్గరుండనీ" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నాకు కోపం వచ్చిన మాట నిజం. కళ్లున్న మనిషికి నాతో పనేమిటి?

ఆ తర్వాత నేను టాక్సీ ముందు సీట్లో పడి ఉన్నాను. చాలాసార్లు ఆ టాక్సీ ఆ హాలు ముందు ఆగింది. కొన్నిసార్లు వలీ దిగి లోపలికి వెళ్లాడు. కొన్నిసార్లు స్టీరింగు వదిలి నన్ను పట్టుకుని కూర్చుని, వెళ్లకుండా బండి తిప్పాడు. ఒకనాడు డొలోరెస్ బయటికొచ్చి ఒక చిరునామా చెప్పింది. పందెం మానాలనుకునేవాళ్లు మంగళవారాలు కలుసుకునే చోటు. తాను పనిచేసే కౌంటరుకే గిరాకీ తగ్గించిందావిడ. వలీ మొదటిసారి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాడు. రెండోసారి నన్ను పట్టుకుని లోపలికి వెళ్లాడు. కాలు నొప్పి ఉన్నవాడిలా కనిపిస్తే ఎవరూ ఏమీ అడగరనుకున్నాడేమో.

ఇప్పుడు శనివారం సాయంత్రాలు ఒక పార్కుకు వెళ్తాం. ఫిలిప్పీన్సు వాళ్లు అక్కడ వాలీబాల్ ఆడతారు. వాళ్ల మీద ఎవరూ పందేలు కట్టరు. వలీ నన్ను బెంచికి ఆనించి, బాపట్లకు ఫోను కలుపుతాడు. అక్కడప్పుడు ఆదివారం పొద్దున. మాస్టారు చర్చికి బయల్దేరేముందు కాఫీ తాగుతూ వింటాడు. వలీకి ఇంకా అన్నీ కనపడవు. కొన్ని బంతులు జారిపోతాయి. "ఆగరా, ఇందాకటిది చూళ్లేదు" అని ఒప్పుకుంటాడు.

పోయినవారం ఆట హోరాహోరీగా ఉంది. ఒక పిల్ల, జడ నడుముకు చుట్టుకుని, వెనక నుంచి పరిగెత్తుకొచ్చి ఎగిరింది. "లేచిందిరా ఇమ్మానూ! కొట్టింది! బంతి నెట్టు మీదకొచ్చి..." అని వలీ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

ఫోనులో మాస్టారి గొంతు రాలేదు. ఇంకొక గొంతు వచ్చింది. ఆడ గొంతు. మాస్టారే కలిపాడో ఏమో, ఎన్ని వారాలుగా ఆ ఫోను లైనులో ఉండి, మాట్లాడకుండా వింటోందో గానీ, ఇక ఉండలేకపోయినట్టుంది.

"అవతల పడిందా, యివతల పడిందా? చెప్పవేంది?"

వలీ చేయి నా పిడిని వెతుక్కుంది. చాలా నెమ్మదిగా, కలం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. 

"అవతలే పడింది హసీనా. గీత మీద."