అమీనాబీ ఇంటి నడిమి బండ

నా నోరు మంచిది కాదని నా భార్య గోవిందమ్మ నలభై ఏళ్లుగా చెబుతోంది. ఆ రోజు సాయంత్రం నిజంగానే దానికి తాళం వేసి ఉండాల్సింది.

తాండూరులోని మా బస్తీకి అరుణాదేవి అనే మేడం వచ్చింది. పేదల ఇళ్ల విషయంలో సర్కారుకు సలహాలు చెప్పడం ఆమె పని. ఇల్లిల్లూ తిరిగి ఎవరికి కొత్త ఇల్లు అవసరమో రాసుకుంటోంది. సాయంత్రం ఐదింటికి జాబితా ముగించి, మర్నాడు వికారాబాదు కలెక్టరేట్‌లో ఇవ్వాలి. మా పక్కింటి అమీనాబీ ఆమెను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. మేడం పైకి చూసి "కప్పు రాతిదేనా?" అని అడిగింది. అంతే, గుమ్మంలో ఉన్న నాకు నాలుక దురద పెట్టింది.

"రాతిదేనా అంటరేంది మేడం! నా పెండ్లిల పదహారు మంది బ్యాండోళ్లు గీ కప్పు మీద నిలవడి వాయించిండ్రు. ఆ డోలు దెబ్బకు కరణ్‌కోట కాడ గనిల బండలు వాటంతట అవే పగిలినయి. కూలోళ్లకు మూడొద్దులు పనే లేకుండె."

మేడం నవ్వింది. నవ్వుతూనే ట్యాబులో ఏదో నొక్కింది.

"ఏం రాసిండ్రమ్మా?" అని అమీనాబీ అడిగింది.

"రాతి కప్పు, పక్కా ఇల్లు. పక్కా ఇల్లుంటే జాబితాలో పేరు రాదమ్మా."

అమీనాబీ సాసరు కింద పెట్టి నా వైపు చూసింది.

ఆ కప్పు సంగతి నాకు తెలుసు. నడిమి బండ మొన్నటి వానల్లో అడ్డంగా పగిలింది. పోయిన వారం ఆమె బిడ్డ సానియా అత్తగారు కొడంగల్ నుంచి వచ్చింది, కోడలిని కాన్పుకు పంపే ముందు ఇల్లు చూసుకుందామని. ఆమె వచ్చే ముందు రోజే అమీనాబీ పగులులో తెల్ల సిమెంటు కూరి, పైన సున్నం కొట్టింది. నిచ్చెన పట్టుకున్నది నేనే.

"మేడం, నేను కొట్టింది ఒట్టి గప్పాలు. ఆ బండ పగిలింది."

"ఇందాక బ్యాండు, ఇప్పుడు పగులు. దేన్ని నమ్మమంటారు పెద్దాయనా? నాకు తెల్లటి కప్పే కనిపిస్తోంది."

"మీ సర్వే ఫారం తయారు చేసినోళ్లు తాండూరు మొఖం చూసినట్టు లేదు. మా దిక్కు గడ్డి కన్న గనిల పారేసిన బండ అగ్గువ. బండ కప్పున్నోళ్లంత ఉన్నోళ్లేనా?"

ఆమె నవ్వు ఆగింది. "ఆ మాట పైవాళ్లకు రెండుసార్లు రాశాను. బండ మంచిదో కాదో సర్వేవాళ్లకు ఎలా తెలుస్తుందని తిరిగి నన్నే అడిగారు."

ముప్పై ఏళ్లు గనిలో పనిచేసినవాణ్ణి. మేం బండను చూసి ఒప్పుకోం, సుత్తెతో తట్టి వింటాం. మంచి బండ ఖంగుమంటుంది. లోపల పగులుంటే మూలుగుతుంది. ఇంటికెళ్లి సుత్తె, స్టూలు తెచ్చాను.

అమీనాబీ గుమ్మానికి అడ్డం నిలబడింది. "వద్దు పాండన్నా. బస్తీ అంత చూస్తున్నది. కొడంగల్‌ల తెలిస్తె నా బిడ్డను పంపరు."

"పేరు రాకుంటె ఎట్ల?"

"రాకుంటె పోనియ్."

"చెల్లె, పసిగుడ్డును యాడ పండవెడ్తవ్?"

ఆమె వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది. నడిమి బండ సరిగ్గా దాని పైనే ఉంది. మేడం గడియారం చూసుకుంది, ఐదుకు పది నిమిషాలే ఉన్నాయి. అమీనాబీ పక్కకు జరిగింది.

"జర మెల్లగ కొట్టు అన్నా."

గోడవారన ఉన్న బండను తట్టాను. ఖంగుమంది. నడిమి బండను తట్టాను. డబ్ అంది, తడి గోనె మీద కొట్టినట్టు.

"ఇంకోసారి కొట్టండి," అంటూ మేడం దగ్గరికి వచ్చింది.

కొట్టాను. సిమెంటు పెళ్లలు మంచం మీద రాలాయి. గోడ నుంచి గోడ దాకా నల్లటి గీత నోరు తెరిచింది. బండ కిర్రుమని రెండు వేళ్లు కిందికి దిగింది.

"బాహర్!" అని అరిచి అమీనాబీ మేడం జబ్బ పట్టి బయటికి లాగింది. నేను స్టూలు మీంచి గుమ్మం దాకా దూకాను. నమ్మకండి. పడ్డాను, పాకాను.

వాకిట్లో నిలబడే మేడం ఫోటో తీసి, రాసింది దిద్దింది. కప్పు ప్రమాదకరం. ఇల్లు నివాసానికి పనికిరాదు. బండను తట్టి పరీక్షించాం.

"రేపు ఒప్పుకుంటరా మేడం?" అన్నాను.

"చెప్పలేను. పోట్లాడతాను. కానీ అమ్మా, ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరూ పడుకోవద్దు."

అమీనాబీ కొడంగల్‌కు ఫోను చేసి, దాన్ని వాళ్ల అత్తకు ఇవ్వమని సానియాతో చెప్పింది. ఉర్దూలో చెప్పింది, నాకు అర్థమైంది. ఇల్లు పగిలిందని, పగులు తానే దాచిందని, బిడ్డను పంపవద్దని, కాన్పుకు తానే అక్కడికి వచ్చి చేస్తానని. తల్లి వెళ్లి వియ్యపురాలి ఇంట్లో కాన్పు చేయడం మా బస్తీలో ఎవరూ వినలేదు.

ఆమె ఫోను దించింది. "రమ్మన్నది."

తలుపుకు తాళం వేయబోతే, తలుపు గుంజితే బండ కూలుతుందని మేడం వారించింది. ఇంటిని అలాగే బార్లా వదిలి, తాళంచెవి కొంగున ముడేసుకుని, అమీనాబీ కొడంగల్ బస్సుకు నడిచింది.