అద్దం పెట్టెలో విన్న పాట

హెల్గాకి జబ్బట అన్న కబురు పొద్దున్న తొమ్మిదింటికి మేకప్ గదిలో పుట్టి, తొమ్మిదింపావుకల్లా స్టూడియో అంతా షికారు కొట్టి, చివరికి కెమెరామన్ ఓరిన్ టటిల్ చెవిలో పడింది. తక్కినవాళ్ళ చెవుల్లో ఒక పక్కనుంచి దూరి రెండో పక్కనుంచి పోయిన కబురు, ఓరిన్ చెవిలో మాత్రం కుర్చీ వేసుకుని కూర్చుంది. అతను క్యాంటీనుకి పరుగెత్తి ఒక గిన్నెడు వేడి కోడి సూపూ, ఎందుకైనా మంచిదని ఒక ఆముదం సీసా పట్టుకుని వచ్చాడు. వచ్చి చూస్తే, ఫిడేలు వాయించే హెల్గా లుండీన్ సెట్టు మూల కుర్చీలో నిక్షేపంగా కూర్చుని నారింజపండు వలుచుకుంటోంది.

"జబ్బేవిటండీ?" అంది హెల్గా. "నేనడిగింది సబ్బు. ఆ మేకప్పావిడ పొద్దున్నే చెవుల్లో పౌడరు పోసుకున్నట్టుంది."

సబ్బెందుకని అడగబోయాడు. ఇంతలో షూటింగు గంట మోగింది. ఓరిన్ సూపు ఆమె పక్కన పెట్టి, ఒక చూపు కూడా అక్కడే మరిచిపోయి, తన పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

పెట్టె అంటే నిజంగా పెట్టే. సినిమాకి మాటలొచ్చిన కొత్తల్లో కెమెరా చేసే టకటక కూడా మైకులో పడిపోతోందని, కెమెరానీ దాని వెనక మనిషినీ కలిపి ఒక చెక్క గదిలో పెట్టి, చుట్టూ పరుపులు కట్టి, ముందు దళసరి అద్దం బిగించి, బయట గడియ వేసేవారు. దానికి ఐస్‌పెట్టె అని ముద్దుపేరు. లోపల కూర్చుంటే మాత్రం అది పెనం. అందులో ఓరిన్‌కి ప్రపంచమంతా కనిపించేది, ఒక్క ముక్క వినిపించేది కాదు. మూగ సినిమాల రోజుల్లో సెట్టంతా గోల. మాటల సినిమాల రోజుల్లో సెట్టంతా మూగ. అందరికీ పలుకు వచ్చింది, ఓరిన్‌కి పలుకుబడి పోయింది.

హెల్గా సంగతీ అంతే. మూగ సినిమా తీసేటప్పుడు కెమెరా పక్కనే ఒకరు నిలబడి ఫిడేలు వాయించడం అక్కడి పద్ధతి. అది ప్రేక్షకుల కోసం కాదు, నటుల కోసం. ఏడవవలసిన చోట వాళ్ళకి ఏడుపు రావాలి, ప్రేమించవలసిన చోట ప్రేమ రావాలి. తొమ్మిదేళ్ళు ఆమె కమాను లాగుతుంటే, ఆ నడకకే ఓరిన్ కెమెరా పిడి తిప్పాడు. ఆమె చేతి వేళ్ళలో ఏది ఏ తీగె మీద వాలితే ఏ స్వరం పలుకుతుందో అతనికి కంఠతా వచ్చు. రానిది ఒకటే, ఆమెతో ఆ ముక్క చెప్పడం. తొమ్మిదేళ్ళూ ఆమెని కంట్లో పెట్టుకున్నాడు గాని నోట్లోకి తెచ్చుకోలేదు. ఇప్పుడు కెమెరా పిడి పోయి మోటారు వచ్చింది. ఫిడేలు పోయి ఏమీ రాలేదు.

హెల్గాని ఇంకా ఉంచారంటే అది కథానాయిక కొరిన్ డుఫే పుణ్యం. ఫిడేలు లేకపోతే ప్రేమ సన్నివేశంలో తన మొహం ఉడికించిన బంగాళాదుంపలా ఉంటుందని కొరిన్ భయం. ఆ భయం అబద్ధం కూడా కాదు. తీస్తున్నది పాటల సినిమా. టోపీల కొట్టు పిల్లకి టోపీ పెట్టాలని వచ్చిన కుర్రాడు, రోజుకో టోపీ కొనీ కొనీ, ఆఖరికి తల ఆమెకే ఇచ్చేసుకునే సరదా కథ. వెన్నెల్లో ఆ ఇద్దరూ మాట్లాడుకునే ఘట్టాలకి హెల్గా సెట్టు పక్కన దీపాల కింద నిలబడేది. మైకు పనిచేస్తోందని ఎర్రలైటు వెలగగానే అందరూ ఊపిరి బిగపట్టేవారు. ఆమె కమాను మాత్రం ఆగేది కాదు. అద్దం అవతల అది నీళ్ళలో చేపలా మెల్లగా అటూ ఇటూ ఈదుతుంటే, పెట్టెలో ఓరిన్ చెమటలు కారుతూ కలలోకి జారిపోయేవాడు. పాట అతనికి నిజంగానే వినిపించేది. షూటింగు సాగిన పదకొండు వారాలూ విన్నాడు.

ఇవాళ ఆఖరి రోజు. సినిమా అయిపోగానే ఫిడేలు కుర్చీ తీసేయమని యజమాని హోలిస్ బ్రాంట్ చెప్పేశాడు. సాయంత్రం అయిదింటి రైలుకి ఒమాహా టిక్కెట్టు హెల్గా సంచిలో ఉంది. అక్కడ వాళ్ళ బాబాయి చర్చిలో పిల్లలకి సంగీతం చెబుతుందట. అంటే ఓరిన్ చేతిలో ఉన్నది ఇక ఒక పూట. ఆ పూటలోనే ఒక ఆశ కూడా ఉంది. ఇన్నాళ్ళూ బొమ్మ ఒక గదిలో, శబ్దం మైనపు పళ్ళేల మీద ఇంకో గదిలో ఉండేవి. రెండిటికీ పెళ్ళి చేసి చూపించేది ఇవాళ మధ్యాహ్నం రెండింటికి. వెన్నెల ఘట్టంలో ఆ ఫిడేలు చెవిన పడితే బ్రాంట్ కాదు కదా, బండరాయి అయినా హెల్గాని వదులుకోదని ఓరిన్ నమ్మకం. ఆఖరి షాట్ కాగానే ఆమె దగ్గరికి వెళ్ళి, రైలు ఎటూ అయిదింటికే కదా, బొమ్మ చూసి వెళ్ళమని బతిమాలాడు. ఆమె సరేనంది. సూపు బాగుందని కూడా అంది.

రెండింటికి చీకటి గదిలో అందరూ కూర్చున్నారు. తెర మీద టోపీలు కదిలాయి, పాటలు పాడాయి. బ్రాంట్ బొజ్జ రెండుసార్లు నవ్వింది. తర్వాత వెన్నెల ఘట్టం వచ్చింది. కొరిన్ మొహం తామరాకు మీద నీటిబొట్టులా వణుకుతూ వెలుగుతోంది. ఎక్కడో ఏదో వింటున్నట్టు ఆమె కళ్ళు అరమోడ్పులయ్యాయి. ఓరిన్ కుర్చీ అంచుకి జరిగి చెవులు రిక్కించాడు.

మాటలు వినిపించాయి. మాటకీ మాటకీ మధ్య సన్నటి బుసబుస వినిపించింది. అంతే.

ఓరిన్ లేచి నిలబడ్డాడు. అతని తల నీడ తెర మీద చంద్రుణ్ణి మింగేసింది. ఫిడేలేదీ అని అడిగాడు. శబ్దం చూసే రూఫస్ గ్రిమ్ వైపు తిరిగి, నువ్వే మింగేశావని అన్నాడు. పెట్టెలో పెట్టి గడియ వేసిన కక్షంతా ఆ ఒక్క మాటలో పెట్టి అన్నాడు.

"మింగడమేంటయ్యా," అన్నాడు రూఫస్. "పక్కవీధిలో పిల్లి తుమ్మితే పట్టుకునే మైకు నాది. ఫిడేలు మోగి ఉంటే నేను వదులుతానా? నీ పెట్టెలో ఉడికి నీ బుర్ర గుల్లయింది."

గదిలో గుసగుసలు బయల్దేరాయి. బ్రాంట్ దీపాలు వెయ్యమన్నాడు. ఏ ఫిడేలు, ఎవరు మింగారు, తన డబ్బాలో ఇంకేం తక్కువయ్యాయి అని వరసగా అడిగాడు. ఓరిన్ ఎర్రబడిన మొహంతో నిలబడే ఉన్నాడు. అప్పుడు హెల్గా లేచి, ఫిడేలు పెట్టె తెరిచి, రెండు కమానులు తీసింది. ఒకదానితో తీగెని తాకింది. గదంతా తేనె పాకినట్టు ఒక స్వరం పాకింది. రెండోదానితో ఆ చివరినుంచి ఈ చివరిదాకా లాగింది. చీమ నడిచినంత చప్పుడు కూడా రాలేదు.

"దీనికి సబ్బు రాశాను," అంది. "గుగ్గిలం రాస్తే కమాను తీగెని పట్టుకుంటుంది, సబ్బు రాస్తే జారిపోతుంది. నాటకాల రోజుల్లో వాయించేవాళ్ళు తక్కువైతే, చేతకాని వాళ్ళకి సబ్బు కమానులిచ్చి వరసలో కూర్చోబెట్టేవారు. కొరిన్‌కి చెవితో పని లేదు, కదిలే చెయ్యి కనిపిస్తే చాలు. అందుకని ఎర్రలైటు వెలగగానే దీన్ని తీసేదాన్ని. ఈ సంగతి సెట్టు మీద అందరికీ తెలుసు. పెట్టెలో ఉన్న ఆయనకి మాత్రం తెలీదని ఇప్పుడే తెలిసింది."

నవ్వులు గోడలకి తగిలి వెనక్కొచ్చాయి. రూఫస్ అయితే తొడ చరుచుకుని, పదకొండు వారాలు సబ్బు విన్నావన్నమాట, చెవులు శుభ్రపడి ఉంటాయి అన్నాడు. ఓరిన్ నవ్వలేదు.

"నేను విన్నాను," అన్నాడు మెల్లగా.

ఏం విన్నావో చెప్పమన్నాడు బ్రాంట్, ఎగతాళిగానే. ఓరిన్ కళ్ళు మూసుకుని కూనిరాగం తీశాడు. గొంతు గొప్పదేం కాదు, తలుపు కీలుకి దగ్గరి చుట్టం. కాని ఆ రాగం సినిమాలో ఏ పాటదీ కాదు. పల్లం వెతుక్కుంటూ వెళ్ళే వాగులా నింపాదిగా సాగింది. ఒక్కొక్కరే నవ్వడం మానేశారు. హెల్గా మొహంలో రంగు మారింది. ఆమె వేళ్ళు తమంత తామే తీగెల మీదికి వెళ్ళి, అతని వెంటే నడవడం మొదలుపెట్టాయి.

"చివర రెండు స్వరాలు తప్పు," అంది ఆఖరికి. "అక్కడ చిటికెనవేలు పడుతుంది. దీపం వెలుగు అద్దం మీద పడి మీకు కనపడి ఉండదు."

ఇదేం పాటని బ్రాంట్ అడిగాడు. పాట కాదని, ఎలాగూ మోగదు కదా అని తన మనసులో ఉన్నది వాయించుకునేదాన్నని ఆమె చెప్పింది. అంతవరకూ ఊరుకున్న కొరిన్, వెనక వరసనుంచి లేచింది.

"అందరి ముందూ ఒకటి చెబుతాను," అంది. "ఈవిడ నా కోసం నిలబడిందని అనుకుంటున్నారేమో. పదకొండు వారాల్లో నా వంక ఒక్కసారి చూస్తే ఒట్టు. ఎప్పుడూ ఆ పెట్టె వంకే. ఆ చూపు చూసే కదా, నాకు ప్రేమ మొహం వచ్చింది."

తలలన్నీ హెల్గా వైపు తిరిగాయి. ఆమె సబ్బు కమాను కింద పెట్టి, ఓరిన్ ఒక్కడితోనే మాట్లాడినట్టు అందరికీ చెప్పింది.

"మొదటి రోజు కొరిన్ కోసమే వాయించాను. రెండోరోజు చూస్తే అద్దం వెనక మీరు నా కమానుతో పాటు తల ఊపుతున్నారు. మోగని ఫిడేలుకి తల ఊపుతున్నారంటే, కొలువు పోతున్న మనిషని జాలి పడుతున్నారనుకున్నాను. ఇన్ని వారాలూ జాలేననుకున్నాను, అందుకే టిక్కెట్టు కొన్నాను. మీకు వినిపిస్తోందని తెలిస్తే కొనేదాన్ని కాదండీ."