మైనం పట్టని గుడ్డ

రూబీ పోయిన రోజు ఆమె భర్త సామ్యేలు ఆత్మకూరు కాలేజీ మేడ మీద ఎండలో ఉన్నాడు. కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు ఆయన. ఎదురుగా గాజుతొట్టెలో నీలిరంగు కలిపిన నీళ్లు. నీళ్ల మీద, రింగుకు బిగించిన పలచటి నూలుగుడ్డ. గుడ్డ అడుగున తెల్లటి పొడి. తొట్టె కింది అద్దం ఎండను పైకి కొడితే ఆ పొడి నీళ్లలోని రంగును విరిచేస్తుంది. పొద్దు జరిగేకొద్దీ అద్దం తిప్పుతుండాలి. అది ఆయన పని.

నెల్లూరు ఆసుపత్రి నుంచి కూతురు సారా ఫోను చేసింది. "నాయనా, అమ్మ నిన్నే అడగతా ఉండాది."

డిపార్టుమెంటు హెడ్డు సురేంద్రబాబును సెలవడిగాడు.

"ఇంకో గంట ఆగవయ్యా. నువ్వు పోతే అద్దం ఎవరు తిప్పేది?"

ఆగాడు. ఆయనెక్కిన బస్సు సంగం దాటకముందే సారా మళ్లీ ఫోను చేసింది. ఏడుపు తప్ప మాట లేదు.

అది జరిగి పద్నాలుగు నెలలు. ఇవాళ సామ్యేలు ఉద్యోగానికి ఆఖరి రోజు. ఎప్పటిలాగే ఉదయగిరిలో తొలి బస్సెక్కి వచ్చాడు. ల్యాబు తాళం తీశాడు. బీకర్లు కడిగి బోర్లించాడు. ముప్పై రెండేళ్లుగా యాసిడ్ తగిలి ఆయన వేళ్ల చివరలు పసుపుపచ్చగా గట్టిపడిపోయాయి.

గుడ్డకు మైనం పట్టించే ఉపాయం ఆయనదే. ఒకప్పుడు సమాధుల పండగ మర్నాడు గోరీల మీద మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఏరుకొచ్చి, పెట్రోలులో కరిగించి, పొడి అద్దకముందే గుడ్డను ముంచి ఆరేశాడు. మైనం పట్టిన గుడ్డ తడవదు, నేత సందుల్లో గాలి నిలుస్తుంది. కింద నీళ్లు, పైన గాలి, నడుమ పొడి. మూడూ కలిసిన ఆ చోట వెలుగు పడితే గంటలో నీళ్లు తేటపడతాయి. గుడ్డ తడిస్తే గాలి చాలినంత అందక పొడి చేవ తగ్గిపోతుంది. దాని మీద వ్యాసం సురేంద్రబాబు పేరుతో అచ్చయింది. సామ్యేలు అది పట్టించుకోలేదు. రూబీ దగ్గరికి పోనివ్వకుండా ఆపిన ఆ గంటను మాత్రం మరిచిపోలేదు.

ఇవాళ బెంగళూరు నుంచి ఇద్దరు ప్రొఫెసర్లు వస్తున్నారు. ప్రయోగం నచ్చితే, దాన్ని చేసి చూపే విద్యార్థిని సుస్మితను తమ దగ్గర పైచదువుకు తీసుకుంటారు. సుస్మితది కలువాయి వైపు పల్లె. వాళ్ల నాయన గొర్రెలు మేపుతాడు.

"మైనం బాగా పట్టించినావా అన్నా?" అని అడిగింది.

"పట్టించినాను తల్లీ."

పట్టించలేదు. పైకి చూస్తే తేడా తెలియదు. పెద్దవాళ్ల ముందు సురేంద్రబాబు తల వంగాలి. సామ్యేలుకు కావలసింది అదొక్కటే.

ప్రొఫెసర్లు వచ్చి, మేడ మీద ప్రయోగం మొదలై గంట గడిచింది. సామ్యేలు అద్దం తిప్పుతూనే ఉన్నాడు. నీళ్ల రంగు కాస్త పలచబడింది, అంతే. పెద్ద ప్రొఫెసరు వంగి వేలితో గుడ్డను తాకాడు.

"తడిసిపోయిందే! ఎవరు తయారుచేశారు?"

సురేంద్రబాబు తల వంగలేదు. "ఈ పిల్లే సార్. ఎన్నిసార్లు చెప్పినా తొందర."

"ఈయన కాదా?" ప్రొఫెసరు సామ్యేలును చూపించాడు.

"ఆయనకేం తెలుసు సార్, అద్దం తిప్పుతాడు. ఏంది సామ్యేలూ, అంతేగా?"

గుడ్డ తయారుచేసింది తనేనని చెప్పబోయిన సామ్యేలు, ఆ ప్రశ్నకు అద్దం వైపు తిరిగాడు.

"అంతే సార్. నాకేం తెలుసు."

సుస్మిత ఆయన వైపు చూసింది. "నాదే పొరపాటు సార్," అంది ప్రొఫెసరుతో.

మధ్యాహ్నం కారు వెళ్లిపోయింది. సుస్మితను తీసుకుంటామని వాళ్లు అనలేదు. సాయంత్రం సామ్యేలుకు శాలువా కప్పారు. సురేంద్రబాబు నాలుగు మంచి మాటలు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సుస్మిత కూడా కొట్టింది.

తాళాలు అప్పగించేముందు సామ్యేలు ల్యాబు కిటికీలు మూయడానికి వెళ్లాడు. బల్ల మీద సుస్మిత రికార్డు పుస్తకం తెరిచే ఉంది. "విఫలం కావడానికి కారణం" అన్నచోట ఆమె గుండ్రటి అక్షరాలతో రాసుకుంది: గుడ్డకు మైనం పట్టిందో లేదో నేను చూసుకోలేదు.

బస్సుకు ఇంకా అరగంట ఉంది. జేబులో పెన్ను ఉంది. సామ్యేలు కిటికీలు మూసి, తలుపుకు తాళం వేసి వెళ్లిపోయాడు.

ఆ వాక్యాన్ని ఎవరూ కొట్టేయలేదు.