సీసాలో సోయా గింజలు

కొత్త కోడలు మినోరి సంచిలోంచి మాత్రల సీసా తీసి బల్ల మీద పెట్టగానే షిజుయోకి చిర్రెత్తుకొచ్చింది.

"సోయా మాత్రలు అత్తయ్యా. నెలసరి ఆగాక వచ్చే ఆవిర్లకీ, ఎముకలకీ మంచివంటున్నారు. మీ డాక్టర్ని ఓసారి అడిగి చూడండి."

"అటు చూడమ్మా, ఆ బానలో ఉడుకుతున్నవేంటి, గులకరాళ్లా? మిసో పెట్టే ఇంటికి సోయాని సీసాలో తెచ్చావా?"

మినోరి మొహం చిన్నబోయింది.

నాగానో కొండల్లో నడుంలోతు మంచు పడింది. ఏటా ఈ చలిలోనే ఆ ఇంటి కొట్టంలో సోయా గింజలు ఉడికించి, మెత్తగా తొక్కి, పులియడానికి బూజు పట్టించిన బియ్యం, ఉప్పు కలిపి పీపాలో మిసో, అంటే చారుల్లో కలిపే పులిసిన ముద్ద, పెడతారు. పాలు తోడుపెట్టినట్టు, పాత మిసో ఒక పిడికెడు అందులో కలుపుతారు. షిజుయో అత్తగారు కియో, ఆవిడ అత్తగారు, అందరి నాటి నుంచీ ఆ వరస తెగలేదు. ఈసారి తెగేలా ఉంది. ఎముకలు గుల్లబారాయి, పీపా మీది బరువు రాయి ఎత్తారంటే ఊరుకోనని డాక్టరు షిజుయోకి గట్టిగా చెప్పాడు. మినోరి నేర్చుకోకపోతే వచ్చే ఏడు మిసో లేదు.

గింజలు ఉడికాక తొక్కి, అన్నీ కలిపి ముద్దలు చేశారు. లోపల గాలి మిగలకుండా వాటిని పీపాలోకి విసిరి కొట్టాలి. మినోరి చంటిపిల్లని పడుకోబెట్టినట్టు ఒక ముద్దని మెల్లగా జారవిడిచింది. "అలా కాదు" అని షిజుయో నోరు తెరిచేలోగా గుండెల్లోంచి వేడి ఎగదన్నింది. మెడ, చెవులు, మొహం భగ్గుమన్నాయి. దూదికోటు లాగి మూలకి విసిరేసి, మాటైనా చెప్పకుండా బయటికి పోయింది.

మంచు దోసిట్లోకి తీసుకుని మెడకి అద్దుకుంది. అప్పుడు గుర్తొచ్చింది.

ఇరవయ్యెనిమిదేళ్ల కిందట, ఇదే కొట్టంలో, తను విసిరిన మొదటి ముద్ద పీపా అంచుకి తగిలి నేల మీద పడింది. కియో మొహం కందగడ్డలా అయింది. కోటు విసిరికొట్టి బయటికి పోయింది. ఆ సాయంత్రం బాన తోముతూ షిజుయో ఎంత ఏడ్చిందో! అత్తగారికి తనంటే గిట్టదని ఆ రోజే తీర్మానించుకుంది. ఆవిడ పోయిన రోజున కూడా అదే అనుకుంది. ఆవిడ తిరిగి లోపలికి వచ్చినప్పుడు మెడ దగ్గర బట్ట తడిసి ఉంది. మంచు కురుస్తోంది కాబోలనుకుంది తను. కానీ ఆ రోజు చక్కగా ఎండ కాసింది.

అప్పటికి కియో వయసెంత? లెక్కేసుకుంది. యాభై రెండు. ఇప్పుడు తనదీ అంతే.

"అయ్యో అత్తయ్యా, ఒక్క మాట చెప్పకపోయారా!" అని పైకే అనేసింది. కళ్లనీళ్లు ఆగలేదు.

లోపలికి వెళ్లేసరికి మినోరి మెడకి గుడ్డ చుట్టుకుని సంచి భుజానికి తగిలించుకుంటోంది.

"నాలుగింటికి బస్సుంది అత్తయ్యా. నావల్ల మీకు..."

"ఇలా రా. నా మెడ మీద చెయ్యి పెట్టు."

మినోరి భయంభయంగా పెట్టింది. పైన తడి, కింద ఇంకా నిప్పులాంటి వేడి.

"నాకు నీ మీద కోపం కాదే, పిచ్చిదానా. ఆవిర్లు! మా అత్తకీ ఇంతే. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఇన్నేళ్లు ఆ మహాతల్లిని ఊరికే తిట్టుకున్నాను."

"మరి ఆ మాత్రలు?"

"వాటి మీద మాత్రం కోపమే! సరేలే, సీసా అక్కడే ఉంచు. మంగళవారం డాక్టర్ని అడుగుతా. వచ్చే ఏడు ఆ బరువు రాయి ఎత్తేది నువ్వే, ఇప్పుడే చెబుతున్నా."

మినోరి నవ్వి సంచి దించింది. ముద్ద తీసుకుని, పళ్లు బిగించి, బలం కొద్దీ విసిరింది. అది పీపా అంచుకి తగిలి నేల మీద పడింది. పిల్ల బిక్కచచ్చిపోయింది.

షిజుయో పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఈ ఇంటి కోడళ్లు విసిరే మొదటి ముద్ద అక్కడే పడుతుందే" అంటూ ఇంకో ముద్ద కోడలి చేతిలో పెట్టింది.